చందా లేని టెలివిజను: ఇంట డిష్ అమర్చుకొను విధము

మన గ్రామములలో అనేక గృహములపై నేటికిని చేపముల్లువంటి అల్యూమినియపు ఆంటెన్నాలు నిలిచియున్నవి. కొన్నిటిపై కాకులు వ్రాలుచున్నవి. కొన్నిటికి బట్టలారవేయు తీగెలు కట్టబడినవి. అవి పనిచేయకపోవుటకు వాని లోపము కారణము కాదు. అవి అందుకొనుచుండిన ప్రసారములే నిలిచిపోయినవి. నేలపై ఎత్తైన స్తంభములు నిలిపి దూరదర్శన్ నడపుచుండిన పాతపద్ధతి ట్రాన్స్‌మిటర్లను, ముఖ్యమైన కొన్ని చోట్లనున్న ఏబదింటిని మాత్రము మినహాయించి, 2022 మార్చి నెలాఖరునకు విరమింపవలెనని ప్రసారభారతి 2021లో నిశ్చయించెను. కావున గడను ఇంకను పది అడుగులు ఎత్తు చేసినను, కడ్డీలను తుడిచి తిరిగి బిగించినను, మన పల్లెలలో ఆ ఆంటెన్నాకు బొమ్మ రాదు. ఈ సంగతి తెలియక గడలకును, బూస్టర్లకును ధనము వెచ్చించువారు ఇప్పటికిని కొందరు కలరు.

అయితే చందా లేని టెలివిజను మనకు పోయినదా? పోలేదు. అది నేలను విడిచి ఆకాశమునకు ఎక్కినది. ప్రసారభారతి వారు 2004 డిసెంబరులో ఆరంభించి, ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అను పేర నడపుచున్న ప్రసారము ఉపగ్రహమునుండి నేరుగ మన ఇంటికి చేరును. దానికి నెలసరి రుసుము లేదు, రీచార్జి లేదు, ఎవరియొద్దను పేరు నమోదు చేయించుకొనవలసిన అవసరము లేదు. ఒక్కమారు డిష్, ఎల్.ఎన్.బి., బాక్సు, వైరు కొని అమర్చుకొన్న చాలును. ఇందులకు ఊరిని బట్టియు సామానును బట్టియు సుమారు రెండువేల రూపాయలు పట్టును. ఎవరైనను ఇంటికి వచ్చి, ఫ్రీ డిష్‌కు నెలకింత, ఏడాదికింత అని అడిగినచో, ఆ సొమ్ము ప్రభుత్వమునకు చేరునది కాదని సభ్యులు గ్రహింపవలెను.

రైతునకును ఉపగ్రహమునకును గల సంబంధము నిన్న మొన్న ఏర్పడినది కాదు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపట్ల 80 గ్రామములలో కృషిదర్శన్ కార్యక్రమము మొదలయ్యెను. పిమ్మట 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు సైట్ అను ప్రయోగము జరిగెను. అమెరికావారు కొంతకాలమునకు ఇచ్చిన ఏటీఎస్–6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు సేద్యము, ఆరోగ్యము, చదువు మొదలగు విషయములు చూపబడెను. ఆ ఆరింటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారభాషలలో తెలుగు ఒకటి. నాడు ఊరికొక సెట్టు. దానికి కోళ్లగూళ్లకు వాడు తీగెవలతో చేసిన మూడు మీటర్ల వెడల్పుగల డిష్. నేడు అంతకు అయిదవ వంతు వెడల్పుగల, అనగా 60 సెంటీమీటర్ల డిష్ ప్రతి ఇంటికిని సరిపోవుచున్నది. ఆ యాబది ఏండ్లలో ఉపగ్రహముల శక్తి పెరిగినది. పట్టుకొను పరికరము సున్నితమైనది.

డిష్ ఏమి చేయునో తెలిసికొన్నచో దానిని అమర్చుటలో పొరపాట్లు సగము తగ్గును. ఫ్రీ డిష్ ప్రసారములను మోయుచున్నది జీశాట్–15 అను మన ఉపగ్రహము. దానిని 2015 నవంబరులో పైకి పంపిరి. అది భూమధ్యరేఖకు నేరుగ పైన, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముచెంత నుండును. భూమి తన చుట్టు తాను తిరుగు వేగముతోడనే అదియు తిరుగుటచే మనకు ఒకేచోట నిలిచినట్లుండును. అంత దూరమునుండి వచ్చు తరంగము మిక్కిలి బలహీనము. చెరువునకు పైనున్న దిన్నెలమీద పడిన చినుకులు వాలునబడి తూముచెంతకు చేరునట్లు, డిష్ పుటముపై పడిన తరంగములన్నియు దాని ముందున్న ఎల్.ఎన్.బి. నోటికి చేరవలెను. డిష్ ఒక ప్రక్కకు తిరిగియున్నచో నీరు వేరు వాగున పోయినట్లే.

ఇందువలన తెలియు ముఖ్యవిషయ మొకటి కలదు. పాత ఆంటెన్నాకు ఎత్తు కావలెను. డిష్‌కు ఎత్తుతో పనిలేదు. 36,000 కిలోమీటర్ల దూరమున్న వస్తువునకు ఇరువది అడుగులు దగ్గరగా జరిగినందున లాభమేమి? దానికి కావలసినది ఆగ్నేయపు ఆకాశము అడ్డులేకుండుట మాత్రమే. కావున పెంకుటింటివారు పెంకులపైకెక్కి కాళ్లు విరుగగొట్టుకొన నక్కరలేదు. పెరటిలో నేలపై పాతిన గుంజ చాలును. డాబా గలవారు పిట్టగోడకు బిగించుకొనవచ్చును. శ్లాబునకు రంధ్రములు చేసి బోల్టులు దింపుట మాకు సమ్మతము కాదు. ఆ రంధ్రమునుండియే వానకాలమున కురియుట ఆరంభమగును. నేలపై పాతువారు పశువులు రాని చోటు చూచుకొనవలెను. గేదెకు వీపు దురద పుట్టినప్పుడు గుంజ కనబడిన విడుచునా? ఒక్కమారు రాచుకొన్న చాలును, డిష్ చూపు తప్పును.

చోటు ఎట్లు నిర్ణయించుట? ఉపగ్రహము మనకు ఆగ్నేయముగ, ఆకాశమున చాల ఎత్తున నుండును. క్షితిజమునుండి నడినెత్తివరకు 90 డిగ్రీలైనచో, ఆదిలాబాదునకు సుమారు 61, హైదరాబాదునకు 63, అనంతపురమునకు 65, విజయవాడ, శ్రీకాకుళములకు 66 డిగ్రీల యెత్తున నుండును. ఇంత యెత్తున నుండుటచే దూరపు చెట్లు, ఇండ్లు అడ్డురావు. డిష్‌కంటె 20 అడుగులు ఎత్తైన చెట్టు 12 అడుగుల అవతల నున్నచో బాధలేదు. అంతకు దగ్గరనున్న అడ్డమగును. అయితే చెట్టు పెరుగును. ఈ యేడు అడ్డముకాని కొబ్బరిమట్ట మూడేండ్లకు అడ్డము రావచ్చును. ఆకు తడిసినప్పుడు మరింత అడ్డము.

చోటును పరీక్షించుటకు సూర్యుడే సాధనముగ నుపకరించు దినములు ఏడాదిలో రెండుమారులు వచ్చును. మార్చి 13 ప్రాంతమునను, మరల సెప్టెంబరు చివరి దినములనుండి అక్టోబరు 2, 3 తేదీలవరకును సూర్యుడు ఆకాశమున సరిగా ఆ ఉపగ్రహమున్న చోటునకు వచ్చును. మార్చిలో నిది పగలు పదకొండుంబావు ప్రాంతమునను, అక్టోబరులో పదకొండు ప్రాంతమునను జరుగును. ఆ వేళ మీ పెరటిలో ఎచ్చట ఎండ పడుచున్నదో అచ్చట డిష్‌కు ఆకాశము తెరచియున్నది. ఎచ్చట నీడయో అచ్చట మూసియున్నది. దీనికంటె నిక్కమైన పరీక్ష వేరొకటి లేదు, ఖర్చును లేదు. ఇప్పటికే డిష్ ఉన్నవారికి ఆ దినములలో అదే వేళకు కొన్ని నిమిషములు బొమ్మ చెదరిపోవచ్చును. ఎండవేడిమివంటిదే సూర్యుని రేడియో ధ్వని కూడ ఎల్.ఎన్.బి.లో పడి ప్రసారమును ముంచివేయుటయే దానికి కారణము. అప్పుడు డిష్‌ను ముట్టరాదు. మెకానిక్కును పిలువరాదు. అది తనంతట తానే సరియగును.

ఇక గుంజ. ఒకటిన్నర లేక రెండంగుళముల జి.ఐ. పైపు మేలు. రెండడుగుల గొయ్యి తీసి, సిమెంటు కాంక్రీటు పోసి, అది గట్టిపడిన పిమ్మటనే డిష్ ఎక్కింపవలెను. గుంజ నిటారుగ నుండుట అన్నిటికంటె ముఖ్యము. మేస్త్రీవద్ద రసమట్టము అడిగి తెచ్చి, ఒక ప్రక్క చూచి, దానికి అడ్డముగ రెండవ ప్రక్కను కూడ చూడవలెను. రసమట్టము లేనిచో దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసి చూడవచ్చును. గుంజ వంగియున్నచో డిష్‌ను ప్రక్కకు త్రిప్పినకొలది దాని ఎత్తు చూపు కూడ మారుచుండును. అప్పుడు ఎంత నేర్పరికైనను సిగ్నలు దొరకుట కష్టము. డిష్ బిగించుటలో తిప్పలుపడినవారిలో పెక్కుమంది తిప్పలు గుంజవద్దనే మొదలైనవి.

గుంజ నిలిచిన పిమ్మట దిక్కు చూడవలెను. ఉత్తరమునుండి తూర్పుమీదుగ కొలిచినప్పుడు సరియైన ఆగ్నేయము 135 డిగ్రీలు. మన డిష్ అనంతపురమున సుమారు 132, హైదరాబాదున 138, విజయవాడ, ఆదిలాబాదులందు 141, శ్రీకాకుళమున 152 డిగ్రీలవైపు చూడవలెను. అనగా పడమటి జిల్లాలవారికి నికరమైన ఆగ్నేయము. తూర్పునకు పోయినకొలది దక్షిణమువైపు జరుగును. మన పెద్దలు వంటయిల్లు ఏ మూల కట్టుదురో డిష్ ఆ మూలకు చూచునని జ్ఞాపకముంచుకొనుట సులభము. సెల్‌ఫోనులోని దిక్సూచి చాలును. కాని ఇనుప గుంజకు ఆనించి చూచిన అది తప్పు చూపును. నాలుగడుగుల దూరమున నిలిచి చూడవలెను. దిక్సూచి లేనివారు చదునైన నేలపై కర్ర నిలిపి, పగటివేళ నీడ మిక్కిలి పొట్టియైన క్షణమున అది చూపు దిక్కును ఉత్తరముగ తీసికొనవచ్చును. ఏప్రిలు చివరినుండి ఆగస్టు నడుమవరకు మాత్రము సూర్యుడు మన నడినెత్తికి వచ్చి, కొన్ని దినములు ఉత్తరమునకు దాటును గావున ఆ నెలలలో ఈ ఉపాయము పనికిరాదు.

ఎత్తు కోణమున ఒక భ్రమ కలదు. మనము వాడు డిష్‌లు ఆఫ్‌సెట్ అను పద్ధతివి. వాని ఎల్.ఎన్.బి. నడుమ నుండక క్రిందివైపున చేయిచాచినట్లుండును. ఇట్టి డిష్ ముఖము చూచు దిక్కుకంటె 20 మొదలు 25 డిగ్రీలు పైకి దాని అసలు చూపుండును. 65 డిగ్రీలు కావలెనని ముఖమునే అంత వెల్లకిల చేసినచో చూపు ఎక్కడికో పోవును, పళ్లెములో వాననీరు నిలుచును. డిష్ వెనుక ఇనుపపట్టీపై అచ్చుగ్రుద్దిన డిగ్రీల గీతలు ఈ భేదమును లెక్కలోనికి తీసికొని వేసినవే. గీతను మీ ఊరి అంకెకు చేర్చిన చాలును.

ఇప్పుడు బాక్సును, టీవీని, వీలైన డిష్‌చెంతకే తెచ్చి, చిన్న వైరుతో కలిపి చూచుట సుఖము. లేనిచో ఒకరు మేడపైన, ఒకరు క్రింద టీవీముందు నిలిచి ఫోనులో చెప్పుకొనవచ్చును. వైరును తగిలించునప్పుడును, తీయునప్పుడును బాక్సు స్విచ్చి తప్పక ఆపవలెను. బాక్సునుండి ఎల్.ఎన్.బి.కి ఆ వైరుద్వారానే 13 లేక 18 వోల్టుల కరెంటు పోవుచుండును. లోపలి రాగితీగెకు బయటి జల్లెడ పోగు ఒకటి తాకినను బాక్సు చెడిపోవచ్చును.

బాక్సు మెనూలో సిగ్నలు పేజీని తెరచిన రెండు పట్టీలు కనబడును. ఒకటి బలము, రెండవది నాణ్యత. అందరును మోసపోవునది ఇచ్చటనే. ఎల్.ఎన్.బి. తగిలించినంతనే బలపు పట్టీ సగమువరకు లేచును. డిష్ గోడవైపు చూచుచున్నను లేచును. దానిని నమ్మరాదు. నాణ్యత పట్టీ లేచినప్పుడే సరియైన ఉపగ్రహము దొరకినది. 93.5 డిగ్రీలకు ప్రక్కనే 95 డిగ్రీలచెంతను ఉపగ్రహములు కలవు. చందా సంస్థల పాత డిష్‌లు కొన్ని అటు చూచుచుండును. కావున బలమున్నది, బొమ్మ లేదనువారు ఒకటి రెండు డిగ్రీలు దక్షిణమునకో, తూర్పునకో త్రిప్పి చూడవలెను.

త్రిప్పుట మిక్కిలి నెమ్మదిగ సాగవలెను. రెండంగుళముల గుంజపై ఒక డిగ్రీ యనగా అర మిల్లీమీటరు మాత్రమే. ఒకటిన్నర డిగ్రీ తప్పినచో అందు సిగ్నలులో సగము పోవును. కావున పానాతో నట్లను డిష్ పడిపోనంత బిగువుగను, చేతితో కదలునంత వదులుగను ఉంచి, వెండ్రుకవాసి త్రిప్పి, బాక్సు లెక్కించుకొనుటకు మూడు నాలుగు సెకనులు ఆగి, మరల త్రిప్పవలెను. గబగబ త్రిప్పువారు సరియైన చోటును దాటిపోవుచునే యుందురు. ఒక ఎత్తున పూర్తిగా ప్రక్కకు త్రిప్పి చూచి, దొరకనిచో రెండు డిగ్రీలు ఎత్తు మార్చి మరల త్రిప్పవలెను. నాణ్యత లేచిన తర్వాత ఎల్.ఎన్.బి.ని దాని పట్టులోనే కొంచెము అటునిటు త్రిప్పి, నాణ్యత మిక్కిలి ఎక్కువైన చోట నిలుపవలెను. నట్లు బిగించునప్పుడు చూపు జరుగుట సహజము. ఒక ప్రక్క కొంత, రెండవ ప్రక్క కొంత బిగించుచు పట్టీని చూచుచుండవలెను. అంతయు బిగించి, గుంజకును పట్టీకిని చేరునట్లు రంగుతో ఒక గీత గీచియుంచిన, రేపు గాలికి జరిగినచో తిరిగి పెట్టుట ఒక నిమిషపు పని.

వైరు ఆర్.జి.–6 రకముది, నడుమ అతుకు లేనిది కావలెను. ఎల్.ఎన్.బి. చెంత కొంచెము వైరును చుట్టగ క్రిందికి వ్రేలాడవిడిచిన, వాననీరు ఆ చుట్ట అడుగున కారిపోవును. లేనిచో వైరువెంట నేరుగ ఇంటిలోనికి, బాక్సులోనికి ప్రవేశించును. కనెక్టరుకు రబ్బరు తొడుగు వేసి టేపు చుట్టవలెను. రెండేండ్లకు బొమ్మ చెడినదనిన డిష్‌నో ఎల్.ఎన్.బి.నో అనుమానించుటకు ముందు ఈ కనెక్టరును విప్పి చూడుడు. లోని రాగితీగె పచ్చబడియున్నచో అంగుళము కోసివేసి క్రొత్త కనెక్టరు బిగించిన సరిపోవును.

బాక్సు కొనునప్పుడు ఎం.పెగ్–4 పద్ధతిది కొనవలెను. పాత ఎం.పెగ్–2 బాక్సులకు కొన్ని ఛానెళ్లు రావు. చందా మానుకొన్న పాత డిష్ ఇంటిలో నున్నచో పారవేయరాదు, దానినే 93.5 డిగ్రీలకు త్రిప్పి, ఫ్రీ డిష్ బాక్సు మాత్రము కొనవచ్చును.

ఇందులో ఏమి వచ్చునని అడుగువారికి నిజము చెప్పవలెను. ఛానెళ్లు నూటికి పైబడి యున్నను హిందీవి హెచ్చు, తెలుగువి తక్కువ. ప్రైవేటువారు తమ ఛానెళ్లకు చోటును వేలములో కొందురు గావున నేడున్నది రేపు పోవచ్చును, క్రొత్తది రావచ్చును. అప్పుడప్పుడు బాక్సులో తిరిగి స్కాన్ చేయవలెను. దూరదర్శన్ వారి తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి, 2015 మే 26న ఆరంభమైన డీడీ కిసాన్, పిల్లల తరగతులకు ఉద్దేశించిన విద్యా ఛానెళ్లు, ఆకాశవాణి రేడియో కార్యక్రమములు ఇందు గలవు. తెలుగు సినిమాలకును ధారావాహికలకును అలవాటుపడిన ఇంటికి ఇది చాలదు. వార్తలకును, సేద్యపు సంగతులకును, పిల్లల పాఠములకును చాలును.

తుపానుల నాటి సంగతి వేరుగ చెప్పవలసియున్నది. తీరపు జిల్లాల సభ్యులు దీనిని శ్రద్ధతో చదువవలెను. గాలి వేగము రెండింతలైనచో డిష్‌పై తాకిడి నాలుగింతలగును. 60 సెంటీమీటర్ల డిష్‌పై గంటకు 100 కిలోమీటర్ల గాలి సుమారు పదిహేను కిలోల బరువుతో నెట్టినచో, 180 కిలోమీటర్ల గాలి సుమారు ఏబది కిలోలతో నెట్టును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముచెంత తీరము దాటినప్పుడు స్తంభములే నేలకూలినవి. వదులు గుంజ యెంత? ఎగిరిన డిష్ ప్రక్కయింటివాని తలకు ప్రమాదము. తుపాను హెచ్చరిక వచ్చినంతనే, గాలి లేవకముందే, డిష్‌ను గుంజనుండి విప్పి లోపల పెట్టుట మేలు. గీచిన రంగుగీత తిరిగి పెట్టుటకు ఉపకరించును.

దీనికి తోడు, జోరువాన కురియునప్పుడు ఈ తరంగములు వానచినుకులలోనే హరించుకుపోవును. బొమ్మ గళ్లుగళ్లుగ విరిగి ఆగిపోవును. ఎంత బాగుగ అమర్చినను ఇది తప్పదు. అనగా హెచ్చరిక మిక్కిలి అవసరమైన వేళకే డిష్ మౌనము వహించును. కరెంటు పోయిన టీవీయు లేదు. కావున డిష్ వచ్చినదని బ్యాటరీ రేడియోను పాతసామానువానికి వేయరాదని మా గట్టి అభిప్రాయము. తుపానుకు ముందు రెండు మూడు దినముల వార్తలకు టీవీ. తుపాను నాటికి రేడియో, చార్జి నింపియుంచిన ఫోను.

ఉరుములు వినబడినప్పుడు మేడపైకి పోరాదు. ముందే వైరును బాక్సునుండి, బాక్సును ప్లగ్గునుండి విడదీయవలెను. గుంజకు ఎర్తు తీగె వేసి నేలలో దిగిన కడ్డీకి కలుపుట మంచిది. కరెంటు తీగెల విషయము ఇంతకంటె ముఖ్యము. గుంజ ఎటు పడినను తీగెకు తాకనంత దూరమున నుండవలెను. ముఖ్యముగ పాత ఆంటెన్నాను దింపునప్పుడు, ఇరువది అడుగుల గడ ఒరిగి తీగెపై పడినచో పట్టుకొన్నవాని ప్రాణమునకే ముప్పు. తీగె దగ్గరనున్న ఇంట ఆ పనిని లైన్‌మనుకు చెప్పి, కరెంటు ఆపించియే చేయవలెను. ఇద్దరికి తక్కువ కాకుండ నుండవలెను. తడి చెప్పులు, తడి గడ, సంజవేళ ఈ పనికి కూడవు.

సంఘములు ఇందులో చేయదగిన పని చిన్నది, కాని ఉపయోగకరము. ఇరువదిమంది సభ్యులు కలిసి ఒకే వర్తకునివద్ద సామాను తీసికొన్నచో ధర తగ్గుటయే గాక, ఒకే రకపు బాక్సులగుటచే ఒకరి ఇంటి అనుభవము వేరొకరికి అక్కరకు వచ్చును. సిగ్నలు మీటరు అను చిన్న పరికరమును వైరునకు కలిపిన టీవీ లేకుండనే సిగ్నలు చూపును; ఇంటికొకటి అనవసరము, ఊరికొకటి చాలును. మీటరు, రసమట్టము, రెండు పానాలు, ఒక దిక్సూచి సంఘ కార్యాలయమున నుంచి, ఇచ్చిన తేదీయు, తిరిగి తెచ్చిన తేదీయు, తీసికొన్నవారి సంతకమును పుస్తకమున వ్రాయించుచుండవలెను. ఎరువుల గదిలో వానిని ఉంచరాదు. యూరియా తేమకు మీటరు పిన్నులు చిలుమెక్కును.